అందులో ఉన్నది వాడు కాదు

జీపు వెనక సీట్లో కూర్చున్నాను. ముఖానికి వాళ్ళు పూసిన రంగు చెమటకి ఉండలు కడుతోంది. చెంప మీద గోటితో గీస్తే గోరునిండా వచ్చింది. మనిషి చర్మం రంగే, కాని నాది కాదు, నాకంటే ఒక మెట్టు తెలుపు. ఇలాంటివి నా కంటికి ఇట్టే పట్టుబడతాయి, నా పనే రంగులు పోల్చడం. నేను పళ్ళు చేస్తాను. డాక్టర్లు నోటి కొలత తీసి పంపిస్తే ప్లాస్టరుతో అచ్చు పోసి, లోహపు తొడుగు మీద పింగాణీ పొడి తడిపి, సన్నటి కుంచెతో పొరలు పొరలుగా అద్ది, కొలిమిలో కాల్చి, ఒక్కో పన్నూ తయారుచేసి డబ్బాలో పెట్టి పంపుతాను. పదేళ్ళయింది. ఊళ్ళో సగంమంది నోళ్ళు నాకు తెలుసు, ముఖాలు తెలియవు. రోడ్డు మీద ఎవరైనా నవ్వితే ముందు పన్ను గుర్తుపడతాను, తర్వాత ఓహో ఈయన ఇలా ఉంటాడా అనుకుంటాను. ముఖమూ నోరూ రెండూ తెలిసినది ఒక్కడివే, నా తమ్ముడివి. వాణ్ణి బుడ్డోడు అంటాం. ఇరవై ఆరేళ్ళొచ్చినా, గుమ్మానికి తల తగిలేంత పెరిగినా, సైన్యంలో చేరి సరిహద్దు మీద వంతెన దగ్గర కాపలాకి పోయినా మా ఇంట్లో వాడు బుడ్డోడే. వారం కిందట అక్కడ కాల్పులు జరిగాయి, వాడి జాడ లేదు. నిన్న పొద్దున అవతలి దేశం వాళ్ళు వాడి వీడియో వదిలారు. నలభై ఎనిమిది సెకన్లు. అందులో ఉన్నది నా తమ్ముడు కాదని ఇందాక కెమెరా ముందు కూర్చుని చెప్పి వస్తున్నాను. వాడే.

ఇల్లు గంట ప్రయాణం. ఒంటిగంట వార్తల్లో వేస్తారట. డ్రైవరు రేడియో పెట్టాడు, ఏదో ఎరువుల ప్రకటన వస్తోంది, పంట బాగా పండిందని ఒకావిడ తెగ సంతోషపడిపోతోంది. కిటికీ అద్దం సగం వరకే దిగుతుంది, మిగతా సగంలో నా ముఖం కనిపిస్తోంది, కనుబొమలు కూడా దిద్దారు. ఏడిచిన కళ్ళు కనపడకూడదని కింద ఇంకో పూత వేయమన్నాడు అధికారి. ‘ఏడిస్తే అనుమానం వస్తుందమ్మా, మీ తమ్ముడు కాకపోతే మీరెందుకేడుస్తారు?’ అన్నాడు. ఎంత మర్యాదస్తుడో. తలుపు తీసి పట్టుకున్నాడు, కుర్చీ జరిపాడు, నేను కూర్చున్నాకే కూర్చున్నాడు. గట్టిగా ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది, బెదిరించారని ఇప్పుడు నాకు నేను చెప్పుకునేదాన్ని.

నిన్న ఆ వీడియో చూసినప్పుడు అమ్మ కిందకూర్చుని ఫోనుని రెండు చేతులా పట్టుకుంది, పసిపిల్లాడి ముఖం పట్టుకున్నట్టు. వాడి ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. వెనక బూడిదరంగు గోడ. కాగితం చూసి కాదు, గుర్తుతెచ్చుకుంటున్నట్టు చెబుతున్నాడు. పైవాళ్ళు మమ్మల్ని వదిలేశారు, మందుగుండు అయిపోయింది, వంతెన దగ్గరున్న మీరు ఊరికే చావకండి, దిగిపోండి. తర్వాత ఆగి గుటక వేసి, నన్ను తమ సైనికుడని మావాళ్ళు ఒప్పుకుంటే ఇచ్చిపుచ్చుకునే ఖైదీల జాబితాలో వేస్తారట, ఒప్పుకోండి, అక్కా, అమ్మని చూసుకో. అంతే. అమ్మ అన్నం ముట్టలేదు. పక్కింటావిడ వచ్చి ఫోను చూసి, ‘ఈ రోజుల్లో ఇలాంటివి నమ్మకూడదండీ, కల్నల్‌ది చూశాంగా’ అంది. ఓదార్చడానికే అంది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ‘అవునా, అవునా, వాడు కాదంటావా’ అని ఎన్నిసార్లడిగిందో.

కల్నల్‌ది అందరూ చూశారు. రెండు నెలల కిందట వచ్చింది అది. యూనిఫాం, ముక్కు మీద గాటు, మాట మధ్యలో దగ్గే అలవాటు, అన్నీ ఆయనవే. పోస్టులు వదిలి లోయ దారిన వెనక్కి రండి అన్నాడు. సంతకాలు, సంకేతాలు తర్వాత పంపుతాను, ముందు ప్రాణాలు దక్కించుకోండి అని తండ్రిలా అన్నాడు. రెండు పోస్టులవాళ్ళు దిగి వచ్చారు. లోయలో ముప్ఫై ఎనిమిది మంది చచ్చిపోయారు. ఆ సమయంలో కల్నల్ స్నానం చేస్తున్నాడట, ఒంటినిండా సబ్బుతో బయటికొచ్చి ఎవరు చెప్పారు ఎవరు చెప్పారు అని అరిచాడట. కంప్యూటరు చేసింది ఆయన్ని. ఎవరో ఎక్కడో కూర్చుని ఆయన పాత ఉపన్యాసాలన్నీ దానికి తినిపిస్తే అది ఆయన్ని కక్కింది. అప్పటినుంచి ఎవరూ దేన్నీ నమ్మడం లేదు. పెళ్ళి వీడియో చూసినా ఇది మనవాళ్ళేనా అని నవ్వుకుంటున్నారు. బుడ్డోడు అప్పుడు ఫోన్‌లో నాతో అన్నాడు, ‘అక్కా, రేపు నేనే కనపడి చెప్పినా నమ్మకు, ముందు నా నోరు తెరిపించి చూసుకో’ అని. ఇద్దరం పగలబడి నవ్వాం.

అధికారి నన్ను నోరు చూడటానికి పిలవలేదు, ఆ సంగతి ఆయనకి తెలియదు. తోడబుట్టినదాన్నని పిలిచాడు. తొమ్మిదింటికి ఆ గదిలో కూర్చోబెట్టారు, కిటికీలకి నల్ల కాగితం, గోడకి పెద్ద తెర, చల్లటి గాలి, తెర కింద కంప్యూటరు ముందు ఒకమ్మాయి, మెడలో హెడ్‌ఫోన్లు, నోట్లో పెన్ను మూత. పాతికేళ్ళుంటాయేమో. ‘మా మెషీను తేల్చలేకపోతోందమ్మా, యాభై రెండు శాతం నకిలీ అంటుంది, మళ్ళీ వేస్తే నలభై ఎనిమిది అంటుంది,’ అన్నాడు అధికారి. ‘మీరు చూసి చెప్పండి. తోడబుట్టినవాళ్ళ కంటి ముందు మెషీన్లు ఎంత?’ ఆ పొగడ్త నాకు నచ్చింది. ఇప్పుడు తల్చుకుంటే గోటితో ముఖమంతా గీరుకోవాలనుంది, కాని అప్పుడు నచ్చింది. పెద్ద తెర మీద వేశారు. మా దగ్గరున్నది నాలుగు చేతులు మారి మసకబారిన కాపీ, వీళ్ళది శుభ్రంగా ఉంది, వాచిన కంటి దగ్గర చర్మం గీతలు కూడా తెలుస్తున్నాయి. మూడుసార్లు చూశాను. నాలుగోసారి వాడు ‘మీరు’ అన్నప్పుడు పైపెదవి ఎడమవైపు లేచింది. ‘ఆపండి, కొంచెం వెనక్కి, ఇంకొంచెం, ఆ, అక్కడ,’ అన్నాను. కనపడింది. పైవరస ముందుపన్ను, చిగురు దగ్గర వెంట్రుకంత నల్లటి గీత, కింది అంచు కొద్దిగా ఏటవాలు. లేచి నిలబడిపోయాను. ‘వాడే సార్. ఈ పన్ను నేను చేసిందే.’

గర్వంగానే అన్నాను. అదీ నిజం. నా తమ్ముడు శత్రువుల చేతిలో కన్ను వాచి కూర్చుంటే నేను నా పనితనం చూసుకుని ఒక్క క్షణం మురిసిపోయాను. తర్వాత ఆపకుండా చెప్పాను, పది నిమిషాలు, అంత సేపు నా మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఇది లోహం మీద పింగాణీ అనీ, చిగురు కాస్త వెనక్కి తగ్గితే లోహం నల్లగీతలా కనపడుతుందనీ, వాడికి తగ్గిందనీ, మొన్న సెలవుకొచ్చినప్పుడు కింది పన్ను తగులుతోందంటే ల్యాబులో కూర్చోబెట్టి అంచు నేనే ఏటవాలుగా అరగదీశాననీ. ‘మెషీను ఫోటోలు చూసి నేర్చుకుంటుంది కదా సార్, వాడి ఫోటోల్లో పళ్ళే ఉండవు. చిన్నప్పటినుంచీ నోరు మూసుకునే నవ్వుతాడు. మెషీను చేస్తే రెండు ముందుపళ్ళూ చక్కగా ఒకేలా పెడుతుంది. ఈ గీత ఎక్కణ్ణుంచి తెస్తుంది?’ ఆ అమ్మాయి నోట్లోంచి పెన్ను మూత తీసి నావైపు చూసింది. అధికారి చిన్నగా తలూపుతున్నాడు. ‘అద్భుతం. అంటే ఈ గీత సంగతి మీకూ, మీ తమ్ముడికీ, ఆ పన్ను పెట్టిన డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలీదు.’ ‘డాక్టరుగారు నిరుడు పోయారండి,’ అన్నాను. ‘అయ్యో,’ అన్నాడు. అనడానికి ముందు అరక్షణం ఆయన ముఖంలో కనపడింది జాలి కాదు. అమ్మయ్య అన్నట్టుంది. అప్పుడే లేచి వచ్చేయాల్సింది.

ఎక్కడికి వస్తాను, గేటు దగ్గర నలుగురున్నారు. అయినా గేటు అంటే నాకు ఇంకోటి గుర్తొస్తుంది. మా పాత అద్దింటి ఇనప గేటు, తుప్పుపట్టి ఒక పట్టాన మూసుకునేది కాదు, విసిరి కొట్టాలి. నాకు పద్నాలుగు, వాడికి తొమ్మిది. స్నేహితురాళ్ళతో ఎక్కడికో వెళ్తున్నాను, నేనూ వస్తా నేనూ వస్తా అని వెంటపడ్డాడు. వెనక ఉన్నాడని నాకు తెలుసు. తెలిసే విసిరాను. పన్ను తగిలిన చప్పుడు చిన్నదే, గచ్చు మీద గోలీ పడ్డట్టు. వాడు ఏడవలేదు, నోరు మూసుకుని నావైపు చూశాడు, వేళ్ళసందున రక్తం. అమ్మ పరుగెత్తుకొచ్చి ఏమైందంటే ‘మెట్ల మీద పడ్డా’ అన్నాడు. కళ్ళు నెత్తికెక్కాయా అని అమ్మ వాణ్ణే రెండు చరిచింది, విరిగిన నోటి మీదే. నేను పక్కన నిలబడి చూశాను. ఆ తర్వాత కూడా వాడు ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, దెబ్బలాటల్లో కూడా. అందుకని నాకు వాడంటే ప్రేమ పెరిగింది అనుకోవాలి మామూలుగా. పెరగలేదు. నన్ను పట్టిచ్చే మాట వాడి నోట్లో ఉందన్న భయం పెరిగింది. వాడు నోరు మూసుకుని నవ్వినప్పుడల్లా నాకోసమే మూసుకున్నాడనిపించేది, విసుగొచ్చేది. పద్దెనిమిదేళ్ళకి వాడు సైన్యంలో చేరతానంటే, పళ్ళు కూడా లెక్కపెడతారక్కా, పన్ను విరిగి ఉంటే పనికిరానంటారు అంటే, డాక్టరుగారి కాళ్ళావేళ్ళా పడి కొలత తీయించి నాలుగురోజులు కూర్చుని చేశాను. నా చేతిలో తయారైన మొదటి మంచి పన్ను అదే. దాంతోనే వాడు పరీక్ష పాసయ్యాడు. నా బాకీ తీరిపోయిందనుకున్నాను. వాణ్ణి వంతెన మీదికి పంపింది కూడా ఆ పన్నే.

అధికారి బయటికెళ్ళి ఫోన్ మాట్లాడి వచ్చాడు. తన చేత్తో టీ తెచ్చాడు, మీద మూతపెట్టి. ‘అమ్మా, వంతెన దగ్గర ఇంకా రెండువందల పదిమంది ఉన్నారు. కల్నల్ సంగతి తర్వాత వాళ్ళకి మేం ఒకటే చెప్పాం, ఏది చూసినా నమ్మొద్దు, మా మాటే నమ్మండని. నిన్నటినుంచి మీ తమ్ముడి వీడియో వాళ్ళ ఫోన్లలో తిరుగుతోంది. అతను వాళ్ళతో కలిసి తిన్నవాడు. అది నిజమని తేలితే రేపటికి సగం మంది దిగిపోతారు. దిగితే ఏమవుతుందో లోయలో చూశాం. వంతెన పోతే ఇవతల ఊళ్ళున్నాయి, మీ ఊరితో సహా.’ నేను టీ కప్పు పట్టుకుని కూర్చున్నాను. ‘అబద్ధం చెప్పమంటారా సార్?’ అన్నాను. నొచ్చుకున్నాడు. ‘ఛ ఛ, మీరు అబద్ధం చెప్పక్కర్లేదు. మీ తమ్ముడికి కట్టుడుపన్ను ఉంది, నిజం. చిగురు దగ్గర నల్లగీత ఉంది, నిజం. వీడియోలో ఆ గీత లేకపోతే అతను కాదు, అదీ నిజమే కదా. మీరు చెప్పినదే నేను చెబుతున్నాను.’ ‘వీడియోలో ఉందిగా సార్.’ ‘ఇంకాసేపట్లో ఉండదు,’ అన్నాడు.

అర్థమవడానికి నాకు సమయం పట్టింది. టీ చల్లారింది. అవతలివాళ్ళు అసలుది మా దగ్గరుందంటే అన్నాను. ‘అననివ్వండి. వాళ్ళ మాట ఎవరు నమ్ముతారు? ఎవరూ దేన్నీ నమ్మని రోజులు తెచ్చింది వాళ్ళే. మనం వాడుకుంటున్నాం, అంతే.’ మరి బుడ్డోడు అన్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. లోపాయికారీగా మాటలు జరుగుతున్నాయన్నాడు, అధికారికంగా ఒప్పుకోకపోయినా తెచ్చుకునే దారులుంటాయన్నాడు, మా మీద నమ్మకం ఉంచండన్నాడు. ఏది చూసినా నమ్మొద్దు, మా మాటే నమ్మండి. వంతెన మీదివాళ్ళకి చెప్పినదే నాకూ చెప్పాడు. నమ్మాను. నమ్మానని అనుకున్నాను. నమ్మకపోయినా సరేననేదాన్నేమో, ఎందుకంటే సరే అన్నది ఆయన దారుల గురించి చెప్పకముందే, లోపల, టీ చల్లారుతున్నప్పుడే. రెండువందల పదిమంది అనగానే నాకు కలిగినది బాధ కాదు, ఒక రకమైన తేలిక. నా చేతిలో ఏమీ లేదు అనుకునే వీలు దొరికింది.

ఆ అమ్మాయి పని మొదలుపెట్టింది. తెర మీద బుడ్డోడి నోరు గోడంత అయింది. పెదవి పగుళ్ళు, మూలన ఎండిన రక్తం, నా పన్ను. ఆమె వేలు కదిపితే నల్లగీత పోయింది, ఏటవాలు అంచు తిన్నగా అయింది. ‘ఇలా సరిపోతుందా అక్కా?’ అంది. అక్కా అని ఎందుకందో, నోరు జారి ఉంటుంది. నేను చూశాను. తెలుపు మరీ ఎక్కువైంది, సున్నం కొట్టినట్టుంది. ‘అలా ఉంటే ఎవరైనా పట్టేస్తారమ్మా,’ అన్నాను. నేనే అన్నాను, ఎవరూ బలవంతపెట్టలేదు. ‘చిగురు దగ్గర కొంచెం పచ్చగా ఉండాలి. కిందికొచ్చేసరికి పలచన, అంచు దగ్గర గాజులా, ఇటు చూపు అటు కనపడీ కనపడనట్టు. పక్కపన్ను చూసి చెయ్యి. తడి మెరుపు మర్చిపోకు.’ ఆమె చేసింది. ఇంకొంచెం అన్నాను. చేసింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. పదకొండు నిమిషాలు ఇద్దరం తలలు దగ్గరపెట్టి వాడి నోట్లో పనిచేశాం. చివరికి వేసి చూపించింది. వాడు ‘మీరు’ అన్నాడు, పెదవి లేచింది, రెండు పళ్ళూ ఒక్కలా, పుట్టుకతో వచ్చినట్టు, మచ్చలేకుండా. నేను నాలుగు రోజులు కూర్చుని చేసినదానికంటే ఎంతో బావుంది. ‘ఎంత బావున్నాడో చూడండి,’ అని ఆ అమ్మాయి అని, చప్పున నాలిక్కరుచుకుంది. సారీ అంది. పర్లేదన్నాను. నిజంగానే బావున్నాడు.

ఆ తర్వాతంతా తొందర తొందరగా జరిగింది. నా ల్యాబుకి మనిషిని పంపి బుడ్డోడి నోటి అచ్చు తెప్పించారు. పాత అచ్చులన్నీ పారేస్తాను, వాడిది మాత్రం బీరువా మీద ఉంచుకున్నాను. కెమెరా ముందు ఆ ప్లాస్టరు నోరు చేతిలో పట్టుకుని, సన్నటి పుల్లతో చూపిస్తూ, నేను ఫలానా పని చేస్తాను, ఇది నా తమ్ముడి నోరు, ఇక్కడ విరిగిన పన్ను, దీని మీద నేనే తొడుగు చేశాను, ఇదిగో చిగురు దగ్గర ఇలా గీత ఉంటుంది, ఆ వీడియో చూడండి, గీత లేదు, చేసినవాళ్ళకి ఈ సంగతి తెలియదు, అందులో ఉన్నది నా తమ్ముడు కాదు. ఒక్కసారికే వచ్చేసింది. తడబడలేదు. కెమెరా పట్టుకున్నతను బొటనవేలు పైకెత్తాడు. అధికారి నమస్కారం పెట్టాడు, దేశం మీకు రుణపడి ఉందమ్మా అన్నాడు. అచ్చు వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు.

ఒంటిగంట. రేడియోలో ముందు సంగీతం, తర్వాత నా గొంతు. నా గొంతు ఇంత గట్టిగా ఉంటుందా? డ్రైవరు శబ్దం పెంచాడు. అయిపోయాక జీపుని పక్కకి తీసి ఆపాడు, వెనక్కి తిరిగాడు. యాభై ఏళ్ళ మనిషి, కళ్ళనిండా నీళ్ళు. ‘మేడమ్, మా బావమరిది వంతెన దగ్గరే ఉన్నాడు. నిన్న రాత్రి ఫోన్ చేసి, బావా, అతనలా చెప్పాడంటే నిజమే అయి ఉంటుంది, మేం దిగిపోతాం అన్నాడు. మా ఆవిడ రాత్రంతా నిద్రపోలేదు. ఇప్పుడు మీ మాట విన్నాడంటే ఆగుతాడు. మీ తమ్ముడు కూడా ఎక్కడున్నా చల్లగా ఉండాలి.’ చల్లగా ఉండాలి అన్నాను నేనూ. మళ్ళీ బండి తీశాడు. రోడ్డు పక్కన ఒక షాపు ముందు నలుగురు నిలబడి టీవీ చూస్తున్నారు, తెర మీద నేను, నా చేతిలో వాడి నోరు. ఒకతను నా పుల్లలాగే వేలు పెట్టి తన పన్ను చూపిస్తూ పక్కవాడికి ఏదో వివరిస్తున్నాడు. నవ్వుకుంటున్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నట్టున్నారు. ఇంతమందికి ఇంత సంతోషం ఇవ్వడం నా బతుకులో ఇదే మొదలు. వాడొక్కడికే ఇవ్వలేదు, వాణ్ణి లెక్కలోంచి తీసేస్తే ఈ పూట నేను చేసింది అన్ని విధాలా మంచిపనే. ఒకణ్ణి తీసేయడం ఎంత తేలిక, పదకొండు నిమిషాలు.

ఇంటి ముందు దింపి వెళ్ళాడు. అమ్మ తలుపు దగ్గరే ఉంది. నిన్నటినుంచి జుట్టు విరబోసుకుని కూర్చున్న మనిషి తల దువ్వుకుని, చీర మార్చుకుని నిలబడింది. నన్ను పట్టుకుని ముఖమంతా ముద్దులు పెట్టింది, ఆ రంగు ఆమె పెదాలకి అంటుకుంది. ‘నా బంగారుతల్లీ, వాడు నా బిడ్డ కాదని పట్టేశావే, నీ పనే పట్టేసింది, ఊరంతా నీ మాటే. పక్కింటావిడ ఏమందో తెలుసా, మీ అమ్మాయి సైన్యాన్నే కాపాడిందంది.’ లోపలికి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది, అన్నం కలుపుతోంది, ఇద్దరికీ ఒకే పళ్ళెంలో, నాకో ముద్ద తనకో ముద్ద. రెండురోజుల ఆకలి, గబగబా తింటోంది. తింటూ చెప్పింది.

‘ఇదుగో, నీ మాటలు టీవీలో అయ్యాయో లేదో ఫోనొచ్చిందే. కొత్త నంబరు. ఎత్తితే, అమ్మా నేనే బుడ్డోణ్ణి అంటుంది. ఏం గొంతు పెట్టారే, అచ్చుగుద్దినట్టు వాడిదే. నువ్వు చెప్పి ఉండకపోతే నేను నిజంగానే పడిపోయేదాన్ని. చివర్లో చెప్పావు చూడు, ముఖం చేసినవాళ్ళకి గొంతు చేయడం ఎంతసేపు, సైనికుల ఇళ్ళకి ఫోన్లొస్తాయి, నమ్మకండి అని, అది గుర్తొచ్చింది.’

ఆ మాట నాది కాదు. ఇది కూడా చేర్చండమ్మా, నలుగురికీ పనికొస్తుంది అని అధికారి కాగితం ముక్క మీద రాసిచ్చాడు. చదివాను.

‘నేనూరుకుంటానా? ఏయ్ మిషనూ, నా కొడుకు గొంతు పెట్టుకుని నాతోనే ఆటలా అన్నాను. ఏడుస్తోందే. కావాలంటే ఏమైనా అడుగమ్మా, మనింటి సంగతులన్నీ చెబుతానంటుంది. నీ ఎడమ మోకాలికి రోజూ నేనే కదా నూనె రాసేవాణ్ణి అంటుంది. చూశావా, మోకాలి సంగతి కూడా పట్టుకున్నారు దుర్మార్గులు! అక్కని ఒక్కసారి పిలువు, నేనే అని ఒక్క మాట చెబితే చాలు, జాబితాలో వేస్తారంటుంది. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. నీ నోట పురుగులు పడ, నా బిడ్డ ఎక్కడో క్షేమంగా ఉన్నాడు, నువ్వు చావు అని పెట్టేశాను. బాగా చేశానా?’

‘బాగా చేశావమ్మా,’ అన్నాను. నోట్లో ముద్ద ఉంది, మింగాను.

ఫోన్ మోగింది. బల్ల మీద, నీళ్ళ గ్లాసు పక్కన. అమ్మ ఎంగిలి చేత్తో చూపించి, ‘అదే నంబరు, మళ్ళీ! ఈసారి నువ్వు తీసి నాలుగు దులుపు,’ అంది, కళ్ళు మెరుస్తున్నాయి. జీపు ఎక్కించేటప్పుడు అధికారి చెప్పాడు, మీ ఫోన్లు మేం వింటూ ఉంటాం, వాళ్ళూ రికార్డు చేస్తారు, మీరు ఒక్క మాట జారినా గంటలో అది వంతెన మీద ఉంటుంది అని. తీశాను. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎవరో ఏదో అంటున్నారు, కుర్చీ కాళ్ళు జరిగాయి. తర్వాత ‘అక్కా’ అన్నాడు. బతిమాలలేదు. నేను మాట్లాడతానని చూస్తున్నాడు. అమ్మ నా భుజం మీద గడ్డం ఆనించి చెవి దగ్గరపెట్టింది, ఆమె ఊపిరిలో అన్నం వాసన.

‘నువ్వు నా తమ్ముడివి కాదు,’ అన్నాను.

ఫోను పెట్టలేదు. వాడూ పెట్టలేదు. ఊపిరి వినిపిస్తూనే ఉంది, ముక్కు మూసుకుపోయి నోటితో పీలుస్తున్న ఊపిరి. ఒకడు వాడి వెనకనుంచి ఏదో గట్టిగా అడిగాడు.

‘సరే అక్కా,’ అన్నాడు.

లైను పోయింది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను.

‘ఏమందే?’ అంది అమ్మ.

‘ఏమీ అనలేదు. పెట్టేసింది,’ అన్నాను.